వైఫై ప్రింటర్ ఆగిపోతే: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో రూటర్లు, ప్రింటర్లు బిగించడం, మొరాయిస్తే సరిచేయడం నా పని. వైఫై ప్రింటర్ పలకడం లేదని పిలిచేవాళ్లలో చాలామంది అప్పటికే డ్రైవర్ (కంప్యూటర్ ప్రింటర్‌తో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కించి ఉంటారు. కొందరు ప్రింటర్‌ను రీసెట్ కూడా చేసేసి ఉంటారు. ఆ తొందరలో, అసలు లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు చెరిగిపోతాయి. మనం ప్రింట్ కొట్టగానే ఆ పేజీ కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో రూటర్‌కి వెళ్తుంది, అక్కణ్నుంచి ప్రింటర్‌కి చేరుతుంది. దారి ఎక్కడ తెగిందో తెలియకముందే ఏదీ తీసేయొద్దు, ఏదీ రీసెట్ చేయొద్దు. కింద రాసిన అపోహలు చాలావరకు ఆ దారిని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: కంప్యూటర్‌లో ‘ఆఫ్‌లైన్’ అని వస్తే ప్రింటర్‌కి వైఫై అందనట్టే

నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే, కాబట్టి దీని గురించి వివరంగా చెప్తాను. ఆఫ్‌లైన్ అని చూపించేది కంప్యూటర్. తాను వెతికిన చోట ప్రింటర్ దొరక్కపోతే అలా చూపిస్తుంది. ప్రింటర్ వేరే చోట చక్కగా వైఫైలోనే ఉండొచ్చు.

రూటర్ తనకు కలిసిన ప్రతి పరికరానికీ 192.168.1.5 లాంటి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇది శాశ్వతం కాదు. కరెంటు పోయి వచ్చాక చాలా ఇంటి రూటర్లు అడ్రస్‌లన్నీ మొదటి నుంచి పంచుతాయి. ప్రింటర్ లేచి అడిగేలోపు దాని పాత అడ్రస్ ఏ ఫోన్‌కో, టీవీకో వెళ్లిపోతుంది. ప్రింటర్ కొత్త అడ్రస్ తీసుకుని హాయిగా కూర్చుంటుంది. విండోస్ మాత్రం మొదటిరోజు రాసిపెట్టుకున్న పాత అడ్రస్‌కే పేజీలు పంపుతూ ఉంటుంది. డ్రైవర్ మళ్లీ వేస్తే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ పనిలో కొత్త అడ్రస్ నమోదవుతుంది. మళ్లీ కరెంటు పోతే మళ్లీ అదే కథ.

తేల్చుకునే పద్ధతి ఇది. ప్రింటర్ నుంచే నెట్‌వర్క్ స్టేటస్ షీట్ ప్రింట్ తీయండి. స్క్రీన్ ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్‌లో ఉంటుంది. స్క్రీన్ లేనివాటిలో ఏ బటన్ నొక్కాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కాగితం మీద ఐపీ అడ్రస్ చూసి, కంప్యూటర్ బ్రౌజర్‌లో పైన వెబ్‌సైట్ పేరు కొట్టే చోట ఆ అంకెలు కొట్టండి. ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుందా? అయితే వైఫైలో ఏ లోపమూ లేదు, రూటర్ జోలికి వెళ్లకండి. తప్పు కంప్యూటర్ సెట్టింగ్‌లో ఉంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ (పేజీలు ఏ అడ్రస్‌కి పంపాలో ఉండే చోటు) తెరిచి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ కొత్తగా చేర్చి, అందులో ఈ అడ్రస్ ఇవ్వండి. అప్పటిదాకా అక్కడ డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ ఉంటే దాన్ని వదిలేయడం మేలు. విండోస్ తనంతట తాను ప్రింటర్‌ను వెతుక్కునే ఆ పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. అడ్రస్ సరిగ్గా ఉన్నా ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంటే, అదే పోర్ట్ సెట్టింగ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ (ప్రింటర్ ఎలా ఉందో కంప్యూటర్ అడిగి తెలుసుకునే పద్ధతి) ఎదురుగా ఉన్న టిక్ తీసి చూడండి. క్యూ విండోలో (పంపిన పేజీల వరుస కనిపించే చోట) ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అన్నచోట టిక్ పడి ఉందేమో కూడా చూడండి. ఎవరో పొరపాటున నొక్కి ఉంటారు.

షీట్ మీద అడ్రస్ 169.254తో మొదలైతే సంగతి వేరు. రూటర్ నుంచి అడ్రస్ అందక ప్రింటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట. అప్పుడు ముందు రూటర్ ఆన్ చేసి, దాని లైట్లు నిలకడ పడ్డాక ప్రింటర్ ఆన్ చేయండి. రూటర్‌ను ఇన్వర్టర్ లైను మీద పెడితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

శాశ్వత పరిష్కారం రూటర్‌లో ఉంది. రూటర్ పేజీ తెరవండి (కొన్నింటికి 192.168.1.1, జియో రూటర్లకు 192.168.29.1). డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే) విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. షీట్ మీద ఉన్న మ్యాక్ అడ్రస్ (ఆ ప్రింటర్‌కి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) అక్కడ కొట్టి, ఒక ఐపీ దానికే కేటాయించండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా ప్రింటర్‌కి అదే అడ్రస్ వస్తుంది. కొందరు ప్రింటర్‌లోనే అడ్రస్‌ను చేత్తో పెడతారు. అదీ పనిచేస్తుంది, కానీ రూటర్ పంచే అడ్రస్‌ల పరిధికి బయటిది ఎంచుకోవాలి. లేదంటే ఒకే అడ్రస్ కోసం ప్రింటర్, ఇంకో ఫోన్ కొట్టుకుంటాయి.

అపోహ: ఫోన్‌లో వైఫై ఫుల్లుగా ఉంది కాబట్టి ప్రింటర్‌కీ దొరకాలి

ఇంట్లో వాడే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. ఎప్సన్ ఎల్3250, కెనాన్ జీ3010 అలాంటివే. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఆన్‌లో ఉంటే, ఎంత బలమైన సిగ్నల్ అయినా వాటికి కనిపించదు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరున్న రూటర్లలో మొదటిసారి ప్రింటర్‌ను కలిపేటప్పుడు యాప్ తడబడవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌ను కాసేపు ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది. ల్యాప్‌టాప్ కూడా ఎప్పటికీ 2.4లోనే ఉండాలని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. ఒకే రూటర్ మీద ఉన్న రెండు బ్యాండ్లూ ఒకే నెట్‌వర్క్, అటు నుంచి ఇటు ప్రింట్ వెళ్తుంది.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతకు వాడే కొత్త పద్ధతి) ఒక్కటే పెట్టి ఉంటే పాత ప్రింటర్లు చేరలేవు, పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ కూడా పనిచేయదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఒప్పుకునే మిక్స్‌డ్ మోడ్ పెట్టండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ప్రింటర్ అయితే ఇంకో చిక్కుంది. అక్కడి పరికరాలు సాధారణంగా 1 నుంచి 11 వరకు ఛానెళ్లే చూస్తాయి. మన దగ్గర 12, 13 ఛానెళ్లు కూడా వాడొచ్చు. రూటర్ ఆ రెండింటిలో ఒకదాని మీద ఉంటే ప్రింటర్‌కి మీ వైఫై పేరే కనిపించదు. రూటర్‌లో ఛానెల్‌ను 1, 6, 11లో ఒకదానికి మార్చండి. ప్లగ్ పెట్టేముందు దాని అడుగున రాసిన వోల్టేజీ కూడా చదవండి.

అపోహ: నెట్ పోతే ప్రింట్ రాదు

వస్తుంది. ఫైబర్ కేబుల్ తెగినా రూటర్ ఆన్‌లో ఉంటే ఇంటి లోపలి వైఫై పనిచేస్తూనే ఉంటుంది. ప్రింట్‌కి అది చాలు. హెచ్‌పీ ప్లస్ అనే కంపెనీ పథకంలో చేర్చిన ప్రింటర్లకు మాత్రం ఇంటర్నెట్ తప్పనిసరి. లాగిన్ అడిగే యాప్‌ల నుంచి ప్రింట్ ఇచ్చినా నెట్ అవసరం పడొచ్చు.

అపోహ: మేడ మీదా కిందా ఒకే ఇల్లు, ఒకే వైఫై

మేడ మీదికి సిగ్నల్ అందడం లేదని రెండో రూటర్ కొంటారు. కింది రూటర్ నుంచి కేబుల్ లాగి కొత్తదాని వ్యాన్ పోర్ట్‌లో (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట) పెడతారు. యూట్యూబ్ వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. కానీ పై రూటర్ తన సొంత అడ్రస్‌లు పంచుతూ వేరే నెట్‌వర్క్ పెట్టేసింది. మీ ఫోన్ ప్రింటర్‌ను వెతికే పిలుపు ఒక నెట్‌వర్క్ దాటి ఇంకోదాంట్లోకి వెళ్లదు. అందుకే మేడ మీద ఫోన్‌లో ప్రింటర్ కనిపించదు, కిందికి దిగగానే కనిపిస్తుంది. ప్రింటర్ కింద ఉంటే, పైనున్న ల్యాప్‌టాప్‌లో దాని ఐపీ నేరుగా ఇచ్చి చాలాసార్లు ప్రింట్ తీయొచ్చు. ప్రింటర్ పైన, ల్యాప్‌టాప్ కింద ఉంటే అదీ కుదరదు. పై రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) మార్చండి, రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి. ఆ తర్వాత ప్రింటర్‌కి కొత్త అడ్రస్ వస్తే పోర్ట్‌లో అది మార్చుకోవాలి.

గెస్ట్ వైఫైలో కలిపిన ప్రింటర్‌దీ ఇదే గతి. గెస్ట్‌లో ఉన్న పరికరాలు ఇంట్లో మిగతావాటితో మాట్లాడకుండా రూటరే అడ్డుకుంటుంది, అది దాని పని. ప్రింటర్‌ను మెయిన్ వైఫైలోకి తేవాలి.

అపోహ: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రావడం లేదంటే ప్రింటర్ దానికి సరిపడదు

ముందు వీపీఎన్ (ల్యాప్‌టాప్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) ఆపి చూడండి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఇళ్లలో ఇది మామూలే. చాలా కంపెనీల వీపీఎన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్‌కి ఇంట్లో ఉన్న ఏ పరికరమూ కనపడదు. కంపెనీయే అలా పెట్టుకుంది కాబట్టి మీ ప్రింటర్‌లో వెతకడం దండగ. ఆపడానికి వీల్లేకపోతే మీ ఐటీ వాళ్లను అడగండి.

అపోహ: ఇంటర్నెట్ కంపెనీ మారితే ప్రింటర్‌ను మొదటి నుంచి సెట్ చేయాలి

కొత్త రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టండి. క్యాపిటల్, స్మాల్ అక్షరాలు కూడా అచ్చంగా అవే ఉండాలి. ప్రింటర్ దానంతట అదే కలిసిపోతుంది. టీవీ, కెమెరాలు కూడా అంతే. కొత్త కనెక్షన్ బిగించడానికి వచ్చిన వాళ్లతో అప్పుడే ఈ పని చేయించుకుంటే మధ్యాహ్నమంతా కలిసొస్తుంది. ప్రింటర్ ఐపీ మారి ఉండొచ్చు, పైన చెప్పినట్టు పోర్ట్ ఒకసారి చూసుకోండి.

అపోహ: రూటర్ లేకపోతే వైఫై ప్రింటర్ ఎందుకూ పనికిరాదు

ఫోన్ హాట్‌స్పాట్ ఒక్కటే ఉన్న ఇళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఆ హాట్‌స్పాట్‌కే ప్రింటర్‌ను కలపొచ్చు, బ్యాండ్ మాత్రం 2.4కి మార్చాలి. ఐఫోన్ 12, ఆ తర్వాతి ఫోన్లలో ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయాలి. లేదంటే వైఫై డైరెక్ట్ వాడండి. వైఫై లిస్టులో ‘డైరెక్ట్’ అని మొదలయ్యే పేరు ప్రింటర్ తనే పెట్టిన నెట్‌వర్క్. దానికి కలిసినంతసేపు ఫోన్‌కి వైఫై ద్వారా నెట్ రాదు. ఏదో చెడిపోయిందని కంగారుపడకండి.

అపోహ: ఎన్నిసార్లు ప్రింట్ నొక్కితే అంత త్వరగా వస్తుంది

మొదటి పేజీ క్యూలో ఇరుక్కుంటే, వెనక నొక్కినవన్నీ దాని వెనకే బారులు తీరతాయి. కనెక్షన్ కుదిరాక అన్నీ ఒకేసారి వచ్చి ఇంకూ కాగితమూ వృథా. విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను (క్యూను నడిపే ప్రోగ్రామ్) ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ఇరుక్కున్న పేజీని క్యూలో క్యాన్సిల్ చేసి, ఒక్క పేజీతో పరీక్షించండి. లిస్టులో అదే ప్రింటర్ పేరు ‘కాపీ 1’ అని ఇంకోసారి కనిపిస్తుందేమో కూడా చూడండి. డ్రైవర్ పదేపదే వేస్తే అలా పోగుపడతాయి. పేజీ పాత దానికి వెళ్తూ ఉంటుంది, మీరు కొత్త దాన్ని సరిచేస్తూ ఉంటారు.

పిల్లల హాల్‌టికెట్‌తో గంటలో బయల్దేరాలంటే ఇదంతా పక్కనపెట్టి యూఎస్‌బీ కేబుల్ పెట్టండి. ఇంటి ప్రింటర్లలో చాలావాటికి వెనక చదరపు పోర్ట్ ఉంటుంది. కేబుల్ పెట్టగానే విండోస్ ఆ ప్రింటర్‌ను వేరే పేరుతో చేర్చవచ్చు, ప్రింట్ ఇచ్చేటప్పుడు దాన్నే ఎంచుకోండి. మామూలు కేబుల్ 5 మీటర్లకు మించినది కొనకండి.