ఒక్క మెతుకు చాలదు: క్లోమంలో గడ్డకు సూది పరీక్ష

నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వైపు నుంచి సీటీ ఫిల్ములు పట్టుకుని చెన్నై ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలు ‘క్లోమంలో గడ్డ ఉంది, ముక్క తీసి చూడాలి’ అన్న మాట వినగానే అడిగేది ఒకటే: సూది గుచ్చితే క్యాన్సర్ పాకదా? ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. సూది ఏ దారిన వెళ్తుందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

క్లోమం (పాంక్రియాస్) జీర్ణాశయం వెనక, వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని తల చిన్నపేగు మొదటి వంపులో ఇమిడి ఉంటే, తోక ప్లీహం దాకా సాగుతుంది. పొట్ట మీద నుంచి సూది దించితే దారిలో పేగులు, పెద్ద రక్తనాళాలు అడ్డొస్తాయి. అందుకే ఇప్పుడు ఎక్కువగా నోటి దారినే వెళ్తారు. కొసన చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబు ఉన్న ఎండోస్కోపును జీర్ణాశయం గోడకు ఆనిస్తే, గోడకు అవతలే క్లోమం కనిపిస్తుంది. దీన్ని ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఈయూఎస్) అంటారు. ఈ పద్ధతిలో క్లోమానికి సూది వేసినట్టు డెన్మార్క్‌లో పీటర్ విల్మన్ బృందం 1992లో ప్రకటించింది.

క్లోమం తలలోని గడ్డకు సూది చిన్నపేగు గోడ గుండా పోతుంది. తర్వాత క్లోమం తలను తీసేసే విప్పుల్ ఆపరేషన్ చేస్తే ఆ పేగు భాగం కూడా గడ్డతో పాటే తీసేస్తారు. నడుమ, తోక భాగాల గడ్డలకు సూది దిగిన జీర్ణాశయం గోడ లోపలే మిగిలిపోతుంది. అక్కడ కణాలు నాటుకున్న సందర్భాలు ఉన్నాయి గానీ, చాలా అరుదు. పూర్తిగా తీసేయగల గడ్డ అని సీటీలో స్పష్టంగా ఉంటే ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్‌కు వెళ్ళవచ్చు. కీమోథెరపీ మొదలుపెట్టాలంటే మాత్రం ముందు ముక్క చేతిలో ఉండాల్సిందే.

క్లోమం కోసం ప్రత్యేకంగా తీసే సీటీ ఈ పరీక్షకు ముందే అయిపోవాలి. సూది పడ్డాక వచ్చే వాపు, పిత్తనాళంలో పెట్టిన స్టెంటు (నాళం మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం) సీటీ బొమ్మను చెరుపుతాయి. 6 నుంచి 8 గంటలు పరగడుపున ఉండాలి. రక్తం సరిగ్గా గడ్డకడుతుందో లేదో తెలియడానికి ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్రను సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ మామూలుగా ఆపరు. గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు ఏ మందూ తమంతట తాము మానకూడదు, గుండె డాక్టరును అడగాలి.

సూదుల్లో గేజ్ అంకె పెరిగేకొద్దీ సన్నం: 19 గేజ్ సుమారు 1.1 మిల్లీమీటర్లు, 22 గేజ్ 0.7, 25 గేజ్ 0.5. లావు సూది అన్నిచోట్లా మేలు కాదు. తలలోని గడ్డ కోసం ఎండోస్కోపు చిన్నపేగులో బాగా వంగుతుంది, ఆ వంపులో 19 గేజ్ బిర్రబిగుసుకుని ముందుకు రాదు. పాత ఎఫ్ఎన్ఏ సూది విడివిడి కణాలను లాగుతుంది. కిరీటంలా మూడు మొనలున్న ఎఫ్ఎన్‌బీ సూది కణాలు తమ అమరికతో ఉన్న సన్నని దారంలాంటి ముక్కను కోసి తెస్తుంది. గట్టి గడ్డకు మా ఓటు ఈ రెండోదానికే.

మత్తిచ్చి, ఎడమవైపు పడుకోబెట్టి, దారిలో రక్తనాళం లేదని డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చూసుకున్నాక సూది దించుతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పేయవచ్చు, ఇక్కడ అది కుదరదు. క్లోమం క్యాన్సర్ ముదిరిన మునక్కాడ లాంటిది, పీచే ఎక్కువ, గుజ్జు తక్కువ. సూది పీచులో పడితే రిపోర్టులో క్యాన్సర్ కనిపించదు. గడ్డ నడిమి భాగం చచ్చిపోయి ఉంటే అక్కడా ఏమీ దొరకదు. అందుకే విసనకర్ర ఆకుల్లా కోణం మారుస్తూ, అంచుల్లోకి కూడా, ఒక్కో దఫా 10 నుంచి 15 సార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. ఎఫ్ఎన్‌బీతో ఇలా రెండు మూడు దఫాలు చేస్తే చాలాసార్లు సరిపోతుంది. సిరంజితో గట్టిగా పీలిస్తే ముక్క కన్నా రక్తమే ఎక్కువ రావచ్చు. అలాంటప్పుడు సూదిలోపలి తీగను నెమ్మదిగా వెనక్కి లాగుతూ, ఆ మెల్లని పీల్పుతోనే సరిపెడతారు.

ఇంత కష్టపడి తెచ్చిన ముక్క తప్పు సీసాలో పడితే అంతా వృథా. సూక్ష్మదర్శిని పరీక్షకు ఫార్మలిన్ సరైనదే. కానీ క్లోమంలో గడ్డలన్నీ క్యాన్సర్లు కావు, మన దేశంలో టీబీ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఫార్మలిన్‌లో టీబీ క్రిములు బతకవు, ఇక కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) దారి లేదు. అనుమానం ఉంటే కొంత ముక్కను సెలైన్‌లో విడిగా పంపాలి. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుకుంటే, కణాల రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీకి కూడా అంతే. స్టెరాయిడ్లకు లొంగే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే క్లోమాన్ని దెబ్బతీసే వాపు) కూడా క్యాన్సర్ వేషంలోనే వస్తుంది, దానికి ముక్కలో ఐజీజీ4 అనే యాంటీబాడీ కోసం రంగు పరీక్ష అడగాలి.

తమిళనాడు, కేరళల్లో చాలాకాలంగా చూస్తున్న రాళ్ళ క్లోమవ్యాధి ఇంకో చిక్కు. ఆ జబ్బు క్యాన్సర్ ముప్పును పెంచుతుంది, దాని రాళ్ళ నీడ అల్ట్రాసౌండ్‌కు అడ్డుపడి ఆ క్యాన్సర్‌నే దాచేస్తుంది. చేయి తిరిగినవాళ్ళు చేసినా, క్యాన్సర్ ఉన్న పదిమందిలో ఒకరిద్దరికి మొదటిసారి దొరకకపోవచ్చు. ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అంటే ‘క్యాన్సర్ లేదు’ అని కాదు. సీటీ గట్టిగా అనుమానిస్తుంటే పరీక్ష మళ్ళీ చేయించాలి. ఆ మాట విని ఊరికి తిరిగి వెళ్ళిపోయి నెలలు పోగొట్టుకోవడం తలచుకుంటేనే బాధేస్తుంది.

ఆ రాత్రికి చెన్నైలోనే ఉండటం మంచిది. నూటికి ఒకరిద్దరికి క్లోమం వాపు, రక్తస్రావం లాంటివి రావచ్చు. వీపులోకి పాకే కడుపునొప్పి, జ్వరం, నల్లటి విరేచనం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చికిత్స వేరేచోట చేయించుకునేవాళ్ళు రిపోర్టు కాగితంతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోవాలి. ముక్క ఆ బ్లాకులో భద్రంగా ఉంటుంది, మరో పరీక్ష అవసరమైతే చాలాసార్లు మళ్ళీ సూది వేయకుండానే అందులోంచి చేయవచ్చు.