మేళం ఎందుకు ఆగిపోయింది? కలావంతుల వెనకటి కథ

కూచిపూడి నాట్యం ఎవరిది, అందులో తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల వాటా ఎంత అని ఈ మధ్య మళ్ళీ గట్టి వాదనలు నడుస్తున్నాయి. చాలామంది అది కళ గురించిన గొడవ అనుకుంటున్నారు. నాకైతే అది ముందు బతుకుదెరువు గొడవ, ఎందుకంటే ఆడి పాడి సంపాదించుకునే ఆడవాళ్ళ పనిని చట్టం పెట్టి ఆపేసిన చరిత్ర మనది.

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు కలిగినవాళ్ళ ఇంట పెళ్ళంటే మేళం, అంటే కలావంతుల ఆటపాటల బృందం, పెట్టించాల్సిందే. మేళంలో నాయకురాలు తనే పాడుతూ అభినయం పట్టేది. క్షేత్రయ్య పదం (శృంగార పాట) ఎత్తుకుంటే ఒకే పల్లవిని తిప్పి తిప్పి పాడుతూ, ఒకసారి అలక, ఒకసారి ఎత్తిపొడుపు, ఇంకోసారి బెంగ, ఇలా ఒక్క మాటకే ఎన్నో అర్థాలు చూపించేది. కూర్చునే, కళ్ళతో చేతులతో, గంటల తరబడి. ఇంత విద్య చిన్నప్పటినుంచీ నేర్చుకుంటే తప్ప రాదు.

1890లలోనే వీరేశలింగం పంతులు లాంటివాళ్ళు మేళాలను బహిష్కరించమన్నారు. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో ఆడపిల్లల్ని గుళ్ళకు అంకితం చేసే ఆచారం మీద పోరు మొదలెట్టారు. ఊహ తెలియని పిల్లకు గజ్జెపూజ చేసి, ఆమె జీవితాన్ని ఇంకెవరో నిర్ణయించేయడం అన్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కలావంతుల ఇంట పుట్టిన యామినీ పూర్ణతిలకం కూడా సంస్కరణ వైపే నిలబడ్డారు. 1929 చట్టంతో ఇనాం భూములు (సేవకు ప్రతిఫలంగా ఇచ్చినవి) గుడి సేవతో ముడి లేకుండా వాళ్ళకే దక్కేలా చేశారు, అదీ ఒప్పుకోవాలి. కానీ భూమి లేనివాళ్ళకు దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

1947 మద్రాసు చట్టం అంకితాన్ని నిషేధించి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గుడిలో, దేవుడి ఊరేగింపులో ఆడవాళ్ళు నాట్యం చేయడం కూడా నేరమే అంది. అయినా పెళ్ళిమేళాలు సాగుతూనే ఉన్నాయి, దాంతో 1956లో ఆంధ్రలో చట్టాన్ని సవరించి వాటినీ ఆపేశారు. ఆడితే నేరం సరే, మరి ఆట మానేస్తే తినేదేమిటి? కొందరు నాటకాల్లోకి, సినిమాల్లోకి వెళ్ళారు. మిగతావాళ్ళు గజ్జెలు అటకెక్కించి, పిల్లల్ని స్కూళ్ళకు పంపి, ఇంటి సంగతి ఎవరికీ చెప్పొద్దని నేర్పారు. ఆ టెన్షన్ మనవరాళ్ళ తరం దాకా వచ్చింది.

అదే 1956లో స్థానం నరసింహారావు గారికి పద్మశ్రీ వచ్చింది, చీర కట్టి స్త్రీ పాత్రలు వేసినందుకు. ఆయన గొప్ప నటుడు, ఆ గౌరవానికి అర్హుడే. కానీ మగవాడు సత్యభామ వేస్తే బిరుదు, తరతరాలుగా భామాకలాపం (సత్యభామ కథ) ఆడుతున్న ఆడది ఆడితే కేసు! ఈ తేడా మాత్రం నాకు ఎంతకీ మింగుడు పడదు. ఆ తర్వాత 1963లో కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, పెద్దింటి అమ్మాయిలు అదే భామను సభల్లో టికెట్ మీద ఆడడం మామూలైపోయింది.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ గారు ఊళ్ళు తిరిగి ఈ వృద్ధ కళాకారిణులను వెతికి పట్టుకుని, వాళ్ళ దగ్గర నేర్చుకుని, మళ్ళీ జనం ముందుకు తెచ్చారు. బల్లిపాడు గుడిలో సేవ చేసిన సరిదె మాణిక్యమ్మ దగ్గర నర్తకి స్వప్నసుందరి నేర్చుకుని, దాన్ని విలాసినీ నాట్యం అనే పేరుతో వేదికల మీదికి తెచ్చారు. ఇవి మేలైన పనులే, కానీ ఇక్కడా విద్య వేదికెక్కింది గానీ, నేర్పినవాళ్ళ కుటుంబాలు చాలావరకు కిందే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ ఇళ్ళ వారసులు కొందరు మా అమ్మమ్మల పాట మేమే మా పేరుతో ఆడతాం, పారితోషికం కూడా మాకే రావాలి అంటున్నారు. వాళ్ళడిగేది దయ కాదు, 1956లో లాక్కున్న పని.