చక్రం చోటు మారితే కారుకు తెలియదు

టైర్ల రొటేషన్, అంటే అరుగుదల సమానం కావడానికి చక్రాల చోట్లు మార్చడం, చేయించుకుని వచ్చిన బండి రేణిగుంట రోడ్డెక్కగానే డాష్‌బోర్డు మీద గుర్రపునాడా లాంటి పసుపు గుర్తు వెలుగుతుంది. ముందు ఎడమ చక్రంలో గాలి తక్కువని చూపిస్తుంది. గాలి కొట్టే చోట ఆపి గేజీ పెడితే ఆ చక్రంలో గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ నిక్షేపంగా ఉంటుంది. అసలు తగ్గింది వెనక ఎడమ చక్రంలో. అక్కడ 24 ఉంటుంది. ‘ఇంకో రెండు కొట్టన్నా’ అని ముందు టైరుకే గాలి పట్టించుకుని కదిలితే, వెనక టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) వంగి వంగి వేడెక్కుతూనే ఉంటుంది. చాలా టైర్లు పేలేది ఆ వేడికే.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందంటే, చక్రం లోపల వాల్వుకు బిగించి ఉండే ప్రతి సెన్సారుకూ తనదంటూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బండి కదిలినప్పుడు అది లోపలి ఒత్తిడినీ ఉష్ణోగ్రతనూ కొలిచి, తన సంఖ్యతో కలిపి రేడియో తరంగాల మీద పంపుతుంది. మన దేశపు బండ్లలో ఇది సాధారణంగా 433 మెగాహెర్ట్జ్. ఏ సంఖ్య ఏ మూలన ఉందో కారు కంప్యూటర్ ముందే రాసిపెట్టుకుని ఉంటుంది. చక్రాలు చోటు మారినా చాలా కార్లలో ఆ పట్టిక దానంతటది మారదు.

కొన్ని కార్లలో చక్రం లోపల సెన్సారే ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కాస్త తగ్గుతుంది కాబట్టి మిగతా వాటికంటే వేగంగా తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వేగం సెన్సార్లు ఆ తేడాను పసిగడతాయి. ఈ రకం కార్లు పీఎస్‌ఐ అంకె చూపించవు. రీసెట్ బటన్ నొక్కిన క్షణంలో ఉన్న స్థితినే సరైనదిగా గుర్తు పెట్టుకుంటాయి. గాలి తక్కువగా ఉన్నప్పుడు రీసెట్ నొక్కితే ఆ తక్కువే కొలమానమైపోతుంది. లైటు ఆరిపోవాలని ముందు రీసెట్ నొక్కి, గాలి సంగతి తర్వాత చూద్దాం అనుకోవడం అందుకే చాలా ప్రమాదం.

కాబట్టి వరస ముఖ్యం. మొదట చక్రాలు మార్చాలి. తర్వాత డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొత్త చోటుకు తగ్గట్టు గాలి పట్టాలి. ముందు 33, వెనక 30 అని ఉంటే, వెనక నుంచి ముందుకొచ్చిన టైరుకు మూడు పెంచాలి, వెనక్కి వెళ్ళిన దానికి మూడు తగ్గించాలి. ఆ తర్వాతే కారుకు కొత్త చోట్లు నేర్పించాలి. కొన్ని మోడళ్ళు పది, ఇరవై నిమిషాలు నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి. కొన్నింటికి మెకానిక్ చిన్న పరికరాన్ని ఒక్కో వాల్వు దగ్గర పెట్టి సెన్సారును నిద్ర లేపాలి. ఏది మీ బండిదో మాన్యువల్లో ఉంటుంది. బయట కొనుక్కుని వాల్వు మీద మూతలా తిప్పే సెన్సార్లకు ఈ బాధ లేదు, వాటిని తీసి పాత మూలల్లోనే బిగిస్తే చాలు. కానీ ఆ మూత వాల్వు పిన్నును ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచుతుంది, గాలిని ఆపేది మూత లోపలి చిన్న రబ్బరు వాషరే. బిగించాక సబ్బు నీళ్ళు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

రొటేషన్ 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి చేయించడం మంచిది. మన దగ్గర తిరిగే చిన్న కార్లు ఎక్కువగా ముందు చక్రాలతో లాగేవి. వాటిలో ముందు టైర్లు నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా మారి ముందుకు రావాలి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో లాగే బండ్లకు ఇది తలకిందులు: వెనకవి నేరుగా ముందుకు, ముందువి అడ్డంగా వెనక్కి. సైడ్‌వాల్ మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మాత్రం పక్క మార్చకూడదు. ఒక అంచే అరిగితే అది అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) లోపం, రొటేషన్ దాన్ని నయం చేయదు, నాలుగు టైర్లకూ పంచుతుంది. నట్లను ఎదురెదురుగా బిగించాలి. చిన్న కార్లకు బిగువు చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. నట్లు తిప్పే గన్నుతోనే పూర్తిగా బిగించేస్తే స్టడ్లు (నట్లు ఎక్కే మరలు) సాగుతాయి, బ్రేక్ డిస్కు వంకరపోతుంది.

కొండ మీదికి వెళ్ళేవాళ్ళకు ఇంకో అనుమానం, ఎత్తుకు వెళ్తే టైర్లలో ఒత్తిడి మారుతుందా అని. తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. అక్కడ బయటి గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐకి పైగా తగ్గుతుంది కాబట్టి గేజీ ఆ మేరకు ఎక్కువ చూపాలి. కింది కంటే అక్కడ అయిదారు డిగ్రీలు చల్లగా ఉంటే అది మళ్ళీ ఒక పీఎస్‌ఐ లాగేస్తుంది. చల్లారిన టైర్లలో రెండూ దాదాపు సరిపోతాయి. దిగేటప్పుడే అసలు మార్పు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు మీద కాలు వేసి దిగితే, డిస్కు వేడి రిమ్ముకు, రిమ్ము వేడి గాలికి ఎక్కుతుంది. అలిపిరి చేరేసరికి ముందు టైర్లు మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపడం మామూలే. భయపడి అక్కడే గాలి తీసేస్తే, తెల్లారి చల్లారాక అవే టైర్లు తక్కువకు పడిపోతాయి. తక్కువ గేరులో దిగండి, గాలిని ముట్టుకోకండి.

పంక్చర్ షాపులో టైరు విప్పే ముందే లోపల సెన్సారుందని చెప్పాలి. మెషిన్ దాని మీద పడితే ప్లాస్టిక్ పగులుతుంది. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేయనివ్వకండి. రెండు లోహాలూ కలిసి తుప్పు పట్టి పిన్ను ఇరుక్కుపోతుంది, నికెల్ పూత ఉన్నదే వేయాలి. పంక్చర్ ద్రవం పోయిస్తే సెన్సారు రంధ్రం మూసుకుపోవచ్చు. లోపలి బ్యాటరీ అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది, అయిపోతే సెన్సారే మార్చాలి. గుర్తు ఒక నిమిషంపాటు మినుకుమినుకుమని ఆ తర్వాత ఆగకుండా వెలిగితే గాలి తగ్గిందని కాదు, వ్యవస్థలోనే లోపం. సెన్సారు లేని స్టెప్నీ తగిలించినా ఇదే కనిపిస్తుంది.