కన్వర్ట్ చేస్తే సౌండ్ ఎందుకు తగ్గుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

డీవీడీలో ఖంగుమని వినిపించిన సినిమా చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించగానే గొణుగుడైపోతుంది. వీడియోలు కన్వర్ట్ చేసే పనిలో నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే.

అపోహ: కన్వర్టర్ మంచిది కాదు, అందుకే సౌండ్ తగ్గింది.

చాలా సినిమా డీవీడీల్లో 5.1 ఆడియో ఉంటుంది, అంటే ఆరు ఛానెళ్లు. డైలాగులు దాదాపు అన్నీ సెంటర్ ఛానెల్‌లోనే ఉంటాయి. ఇయర్‌ఫోన్స్‌కి ఉన్నవి రెండే. అన్నిటినీ ఉన్నవున్నట్టు కలిపేస్తే సౌండ్ పగులుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ తగ్గించి కలుపుతుంది. ఎడమ చెవి వైపు మామూలుగా వాడే లెక్క ఇది: ఎడమ ఛానెల్ 1, సెంటర్ 0.707, వెనక ఛానెల్ 0.707, మొత్తం 2.414. దీన్ని 1కి కుదిస్తే సెంటర్ వాటా 0.293కి పడిపోతుంది. అంటే దాదాపు 10.7 డెసిబెల్స్ తగ్గినట్టు. 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సౌండ్ సగమైనట్టు అనిపిస్తుంది. ఆ దెబ్బ మాటల మీదే ఎక్కువగా తెలుస్తుంది.

అపోహ: నార్మలైజ్ (ఫైల్ సౌండ్‌ని మొత్తంగా పెంచే ఆప్షన్) నొక్కితే చాలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మామూలు నార్మలైజ్ ఫైల్ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద శబ్దాన్నే చూస్తుంది. ఫైట్‌లో ఒక్క పేలుడు 0 డెసిబెల్స్‌ని, అంటే ఫైల్‌లో పట్టే గరిష్ఠ స్థాయిని, తాకుతుంటే, ఇక పెంచడానికి చోటు లేదని వదిలేస్తుంది. తల్లీకొడుకులు మెల్లగా మాట్లాడుకునే సీన్ ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుంది.

కావలసింది పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య దూరం తగ్గించడం. డీవీడీలోది ఏసీ3 (డాల్బీ డిజిటల్) ట్రాక్ అయితే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి, ఈ దూరాన్ని తగ్గించే డీఆర్‌సీని 1.5 నుంచి 2.5 మధ్య పెట్టండి. ఇంకా తక్కువనిపిస్తే గెయిన్ (మొత్తం సౌండ్‌ని పెంచే సెట్టింగ్) 3 డెసిబెల్స్ కలపండి. కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కన్వర్టర్ వాడేవారికి లౌడ్‌నార్మ్ ఫిల్టర్ ఉంది. అది పెద్ద శబ్దాన్ని ఒక్కదాన్నే కాక, మొత్తం మీద చెవికి ఎంత సౌండ్ వినిపిస్తుందో కొలుస్తుంది. ఆ కొలతకు ప్రమాణం ఎల్‌యూఎఫ్‌ఎస్, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సౌండ్ ఎక్కువ. యూరప్‌లో టీవీ ప్రసారాలకు పెట్టుకున్న స్థాయి -23 ఎల్‌యూఎఫ్‌ఎస్. ఇయర్‌ఫోన్స్‌లో వినడానికి నేను -16 పెడతాను, బస్సు రొదలో కూడా మాట అందుతుంది.

అపోహ: బిట్‌రేట్ (సెకనుకు ఆడియో కోసం వాడే డేటా) పెంచితే సౌండ్ పెరుగుతుంది.

పెరగదు. 128 కేబీపీఎస్ నుంచి 320కి మార్చితే ఫైల్ సైజు పెరుగుతుంది, నాణ్యత కొంత మెరుగవ్వచ్చు, సౌండ్ మాత్రం పెరగదు.

అపోహ: గెయిన్ ఎంత పెంచితే అంత మంచిది.

6 డెసిబెల్స్ కలిపితే సిగ్నల్ ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది, చెవికి మాత్రం అంత అనిపించదు. 0 దాటిన భాగం కత్తిరించినట్టు తెగిపోయి, పాటల్లో డప్పులు బరబరమంటాయి. అలా సేవ్ చేసిన ఫైల్‌లో తెగిన భాగం మళ్లీ తిరిగి రాదు. అందుకే దయచేసి అసలు ఫైల్‌ని చెరిపేయకండి.

అపోహ: సౌండ్ కోసం వీడియో మొత్తం మళ్లీ కన్వర్ట్ చేయాలి.

అక్కర్లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో వీడియోను కాపీగా ఉంచి ఆడియో ఒక్కటే మార్చవచ్చు. బొమ్మ నాణ్యత చెక్కుచెదరదు, పని కూడా త్వరగా అయిపోతుంది.

సినిమా మొత్తం కన్వర్షన్‌కి పెట్టేముందు గుసగుసలున్న సీన్ ఒక నిమిషం, ఫైట్ ఒక నిమిషం కత్తిరించి మార్చి చూడండి. కంప్యూటర్ స్పీకర్లలో కాదు, ఆ ప్లేయర్‌లోనే, ఆ ఇయర్‌ఫోన్స్‌తోనే వినండి.