ఆపేశామనుకున్న కరెంటు

బకెట్‌లో హీటర్ రాడ్డు పెట్టి నీళ్లు కాచుకున్న ఇళ్లలో పిల్లలకు ముందు నేర్పేది ఒకటుంది: ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. స్విచ్ ఆపితే చాలదా అంటే మా ఇంట్లో జవాబు వీపు మీదే పడేది. అసలు జవాబు చాలా ఏళ్లకు దొరికింది, అదీ అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల కంట్రోల్ ప్యానెల్ బొమ్మలు చూస్తున్నప్పుడు.

అక్కడ అది చట్టానికి లోబడిన సరదానే. సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ స్థాయిలో ఉన్న అడ్డు 1978లో జిమ్మీ కార్టర్ సంతకంతో తొలగింది. (మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు వాళ్లు గుమ్మంలో ఉంటారు. ఇక్కడ మన గొడవ కరెంటు గురించే.) చాలామంది గ్యాస్ పొయ్యి వదిలి కరెంటుకు మారడానికి ఒక కారణం, వేడిని కచ్చితంగా నిలపగలగడం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే ఎంజైములు దానిలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ నీళ్లను 65 డిగ్రీల దగ్గర నిలిపితే తేలికైన బీరు వస్తుంది, 69 దగ్గర నిలిపితే చిక్కనిది. నాలుగు డిగ్రీల తేడా! మంట పెంచుతూ తగ్గిస్తూ గంటసేపు కాపలా కాయడం కంటే ఆ పని కంట్రోలర్‌కి అప్పగించడం నయం.

బకెట్ రాడ్డు వెయ్యి, పదిహేను వందల వాట్లు ఉంటుంది. ఇంటి బీరుకు ఎక్కువగా వాడే హీటర్ 5500 వాట్లది. 240 వోల్టుల మీద అది దాదాపు 23 ఆంప్స్ లాగుతుంది. 30 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 67కి తేవడానికి 18 నిమిషాలు చాలు. అంత కరెంటు, పొంగే పాత్ర, తడి నేల, తడి చేతుల మనిషి, అన్నీ ఒకే గ్యారేజీలో ఉంటాయి.

మన ఇళ్లలో ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. అమెరికాలో 240 వోల్టులంటే రెండు తీగలూ ఫేజులే, ఒక్కోదానికీ నేలకూ మధ్య 120 వోల్టులు. కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌కు కరెంటు కలిపి తెంచే సాలిడ్ స్టేట్ రిలేను (ఎలక్ట్రానిక్ స్విచ్) సాధారణంగా ఒక తీగలోనే పెడతారు. అది ఆగితే కరెంటు పారదు, వేడి పుట్టదు. కానీ రెండో తీగ నుంచి వోల్టేజి హీటర్ చుట్ట అంతటా నిలిచే ఉంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. మన రాడ్డు కథా ఇదే: స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్‌లో కలిపితే, స్విచ్ ఆపాక కూడా రాడ్డులో ఫేజు ఉంటుంది. అమ్మకు కారణం తెలియకపోవచ్చు, మాట మాత్రం నిజం.

ఆ రిలేతో ఇంకో తంటా ఉంది. అందులో కదిలే భాగాలుండవు, పనంతా సెమీకండక్టర్‌దే. 23 ఆంప్స్ పారుతుంటే దానిలోనే పాతిక ముప్పై వాట్ల వేడి పుడుతుంది. మూసిన ప్యానెల్ డబ్బాలో ఆ వేడికి దారి లేదు కాబట్టి, దాన్ని అల్యూమినియం రెక్కల హీట్ సింక్‌కి బిగించి ఆ రెక్కలను డబ్బా బయటికి పెడతారు. అలా పెట్టకపోతే రిలే మాడిపోతుంది. మాడితే ఆగిపోతుందని అనుకుంటాం. చాలాసార్లు అది ఆన్‌లోనే అతుక్కుపోతుంది! కంట్రోలర్ ఆపానని చూపిస్తుంటుంది, పాత్ర మరుగుతూనే ఉంటుంది.

అందుకే రిలేకి ముందు కాంటాక్టర్ ఉండాలి. ఇది మనకు కొత్తదేమీ కాదు, బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో టప్పుమని కొట్టుకునేది అదే. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ లాగి పట్టుకుంటుంది, ఎర్రది నొక్కితే వదిలేస్తుంది. కరెంటు పోయి వస్తే తనంతట తాను మళ్లీ కలవదు (ఆటో స్టార్టర్ బిగించుకున్న రైతుల సంగతి వేరు). ప్యానెల్‌కూ ఈ గుణమే కావాలి. పాత్ర ఖాళీ చేశాక కరెంటు తిరిగొస్తే, నీళ్లు లేని హీటర్ కాసేపట్లోనే కాలిపోతుంది. కాంటాక్టర్ రెండు తీగలనూ ఒకేసారి తెంపేది కావాలి.

ఇక మనిషి ప్రాణం సంగతి. 30 ఆంప్స్ బ్రేకర్ కాపాడేది తీగలను, మనల్ని కాదు. పది పదిహేను మిల్లీఆంప్స్ దాటితే చాలు, చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి రావచ్చు. ఆ కొలతల మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ఏళ్ల తరబడి పనిచేసిన చార్లెస్ డాల్జియెల్ 1961లో జీఎఫ్‌సీఐని, అంటే కరెంటు నేలకు కారితే సరఫరా తెంపేసే పరికరాన్ని, కనిపెట్టాడు. ఉపాయం చాలా సులువైనది. పోయే తీగనూ వచ్చే తీగనూ ఒకే ఇనుప ఉంగరంలోంచి పంపాడు. వెళ్లినంతా తిరిగొస్తే ఉంగరానికి ఏమీ తెలియదు. దాదాపు 5 మిల్లీఆంప్స్ తేడా వస్తే, అది ఎవరి ఒంట్లోంచో నేలకు పోతున్నట్టే లెక్కగట్టి తెంపేస్తుంది. బ్రేకర్ పట్టించుకునేదానిలో ఆరువేలో వంతు అది. మన ఆర్‌సీసీబీ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది, ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీఆంప్స్‌ది. ఒక్క లోపం: రెండు ఫేజులనూ రెండు చేతులతో పట్టుకుంటే వెళ్లినంతా తిరిగొస్తుంది, ఉంగరం ఊరుకుంటుంది.

ఉంగరం ఉంది కదా అని ఎర్తింగ్ వదిలేయకూడదు. పాత్రకూ డబ్బాకూ ఎర్త్ తీగ గట్టిగా బిగించి ఉంటే, హీటర్ తొడుగు చిల్లుపడిన క్షణమే కరెంటు నేలకు దారి పట్టి ట్రిప్ అవుతుంది, మనం తాకే దాకా ఆగదు. కొందరు ఎమర్జెన్సీ బటన్ నొక్కగానే కావాలని కొంచెం కరెంటును ఎర్త్‌లోకి వదిలి జీఎఫ్‌సీఐని ట్రిప్ చేయిస్తారు. నాకది నచ్చదు. ఎర్త్ తీగ ఊడిన రోజు ఆ బటన్ ఉత్త బొమ్మే. కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్లే తీగను తెంపే బటన్ అయితే ఎర్త్ ఉన్నా లేకున్నా పనిచేస్తుంది.

ఇంత చేసీ చివర్లో స్క్రూ బిగించడంలో తేలిపోయేవాళ్లున్నారు. వదులైన ఒక్క టెర్మినల్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉన్నా, 23 ఆంప్స్‌కి అక్కడ పుట్టే వేడి 53 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ను డబ్బాలో పెట్టి మూసినట్టే. దీన్ని బ్రేకర్ పట్టుకోలేదు, జీఎఫ్‌సీఐ కూడా పట్టుకోలేదు, ఎందుకంటే కరెంటు ఎటూ కారడం లేదు. మొదటిసారి ఉత్త నీళ్లు మరిగించి, ప్లగ్గు పీకి, డబ్బా తెరిచి ప్రతి స్క్రూ మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. ఏ తీగ తొడుగైనా రంగు మారి కనిపిస్తే వదులు ఉన్నది అక్కడే.