బ్యాంకాక్ రాజభవనం, మ్యూజియం, పార్కులు: మనవాళ్ళలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

తెలుగువాళ్ళ గ్రూపుల్ని బ్యాంకాక్ తీసుకెళ్ళి తిప్పి చూపించడం నా వృత్తి. మనవాళ్ళ ప్యాకేజీలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. పట్టాయాలో రెండు రాత్రులు, కోరల్ ఐలాండ్, సఫారీ, షాపింగ్, తిరుగు విమానం ఎక్కేముందు ఒక ‘హాఫ్ డే టెంపుల్ టూర్’. ఆ అరపూటలో రెండు గుళ్ళ ముందు ఫొటోలు దిగి, రత్నాల షోరూమ్ ఒకటి చూసి బస్సెక్కేస్తారు. 1782 నుంచి రాజధానిగా ఉన్న ఊరిని అలా చూస్తే చూసినట్టు కాదు. పాత బ్యాంకాక్‌కి రెండు ఉదయాలు కేటాయించమని నా గ్రూపుల్ని పట్టుబట్టి అడుగుతాను. అడిగిన ప్రతిసారీ ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. అవే ఇవి.

అపోహ: “ఈరోజు రాజభవనం మూసేశారట!”

గ్రాండ్ ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే చక్కటి ఇంగ్లిష్ మాట్లాడే మనిషి ఎదురొస్తాడు. “ఇవాళ బౌద్ధుల పండగ, మధ్యాహ్నం దాకా తియ్యరు, ఈలోపు వేరే గుళ్ళు చూసి రండి, టుక్‌టుక్ చాలా చవక” అంటాడు. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందో, సూట్లు కుట్టే షాపు ముందో. ఏళ్ళ తరబడి నడుస్తున్న మోసమిది. ఇందులో పడ్డవాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళే.

రాజభవనం దాదాపు ప్రతిరోజూ ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 వరకు టికెట్లు ఇస్తారు. రాచకార్యాలు ఉన్న రోజుల్లో మూసేస్తే ఆ సంగతి అధికారిక వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. రోడ్డు మీద ఎవరేం చెప్పినా సరే, టికెట్ కౌంటర్ దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి.

అపోహ: “చున్నీ కప్పుకుంటే లోపలికి వదిలేస్తారు”

వదలరు. స్లీవ్‌లెస్ మీద చున్నీ వేసుకుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. భుజాలు కప్పే చేతులున్న చొక్కా లేదా జాకెట్టు, మోకాళ్ళు దాటే బట్టలు ఉండాలి. చిరుగుల జీన్స్ పనికిరావు. చీర, పంజాబీ డ్రెస్ నిక్షేపంగా వేసుకెళ్ళొచ్చు. మగవాళ్ళు షార్ట్స్‌తో వస్తే బయట ప్యాంటు కొనుక్కోవాల్సిందే. ఇది గుడి ఉన్న ఆవరణ. మన తిరుమలలో ఉన్న పట్టింపు లాంటిదే అక్కడా ఉంది, గౌరవించాలి.

అపోహ: “పచ్చబుద్ధుడంటే పెద్ద మరకతంతో చేసిన విగ్రహం”

రాజభవనం ఆవరణలోని గుడి వాట్ ఫ్రా కేవ్‌లో (వాట్ అంటే బౌద్ధాలయం) ఉన్నది మరకతం కాదు, జేడ్ జాతికి చెందిన ఆకుపచ్చ రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. ఎత్తైన బంగారు పీఠం మీద, చాలా దూరంలో కనిపిస్తుంది. “ఇంతేనా?” అని వెనక్కి తిరిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి చెప్పేదొకటే: కాసేపు కింద కూర్చోండి. కాళ్ళు మాత్రం విగ్రహం వైపు చాపకూడదు, వెనక్కి మడుచుకోవాలి. లోపల ఫొటోలు తియ్యకూడదు. ఎండ, వాన, చలి కాలాలకు మూడు రకాల బంగారు వస్త్రాలున్నాయి. కాలం మారినప్పుడల్లా రాజే స్వయంగా వాటిని మార్పిస్తాడు. మళ్ళీ వేరే కాలంలో వెళ్తే వేరే అలంకారంలో దర్శనమవుతుంది.

అపోహ: “వాళ్ళు మన రామాయణాన్ని పాడుచేశారు”

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

వాట్ ఫ్రా కేవ్ చుట్టూ ఉన్న వరండా గోడల మీద థాయ్ రామాయణమైన రామకియన్ కథ 178 చిత్రాల్లో పరుచుకుని ఉంటుంది. ఉత్తరం వైపు, విహార్న్ యోట్ మండపానికి ఎదురుగా మొదలై ప్రదక్షిణ దిశలో నడుస్తుంది. జనం ఎక్కువగా పడమటి వైపు నుంచి వచ్చి కథ మధ్యలో దూరతారు, అందుకే ఏమీ అర్థం కాదు. మొదటి చిత్రం దగ్గర నుంచి మొదలుపెడితే రెండు గంటలైనా చాలవు.

కథలో తేడాలు ఉన్నాయి. రామకియన్‌లో సీత రావణుడి కూతురు, పుట్టగానే నీళ్ళలో వదిలేస్తారు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాదు. సేతువు కడుతుంటే రాళ్ళు మాయం చేసిన మత్స్యకన్య సువన్నమచ్చాని వలచి పెళ్ళాడతాడు. వీటిని చూసి మొహం చిట్లించుకునేవాళ్ళకి నేను చూపించే చిత్రం ఒకటుంది. అందులో కొండంత పెరిగిన హనుమంతుడు రాముడున్న మంటపాన్ని తన నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటాడు. పాతాళం నుంచి వచ్చిన మైయరాప్ గొట్టంతో నిద్రమందు ఊది, అందర్నీ పడుకోబెట్టి రాముణ్ణి ఎత్తుకుపోతాడు. హనుమంతుడు వెతుక్కుంటూ పాతాళానికి పోతే, దారిలో చేపతోక ఉన్న కుర్ర కోతి అడ్డం నిలబడి పోరాడతాడు. వాడు మచ్చాను, హనుమంతుడి కొడుకే.

ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ బొమ్మ ముందు నిలబడి “ఇది మన మైరావణుడి కథే కదా నాయనా! తోలుబొమ్మల్లో తోకతో కోట కడతాడు, ఇక్కడ నోట్లో దాచినాడు” అన్నారు. అంతే, ఆ తర్వాత గ్రూపు మొత్తం కదలనంది. నిజానికి మైరావణుడూ, మత్స్యవల్లభుడూ వాల్మీకంలో లేరు. మనవాళ్ళూ కథను పెంచుకున్నారు, థాయ్‌వాళ్ళూ పెంచుకున్నారు. ఒకటో రాముడి (ఇప్పటి థాయ్ వంశపు రాజుల్ని ఇలా వరస సంఖ్యతో ‘రాముడు’ అంటారు) ఆస్థానంలో 1797లో రాయించిన కావ్యం ఈ రామకియన్. పరాయి కథ అనుకుంటే గోడలకి అన్నేళ్ళు మళ్ళీ మళ్ళీ రంగులు వేయించి కాపాడుకునేవాళ్ళా?

ఇంకో మాట. విదేశీయులకి రాజభవనం టికెట్ 500 బాట్లు ఎక్కువని గొణుక్కుంటారు. అదే టికెట్ మీద ఆవరణలోని వస్త్రాల మ్యూజియం చూడొచ్చు, సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో ముసుగులు పెట్టుకుని ఆడే ఖోన్ ప్రదర్శన చూడొచ్చు. ఖోన్‌ని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆడేది రామకియన్ కథనే. చాలామంది బయటికి రాగానే టికెట్ పారేస్తారు. పారెయ్యకండి, ప్రదర్శన ఏ రోజుల్లో ఉందో కౌంటర్లోనే అడగండి.

అపోహ: “వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడు తప్ప ఇంకేం లేదు”

46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు ఉన్న ఆ విగ్రహం ముందు వేరే ఏదీ కంటికి ఆనదు, నిజమే. (పైకి బంగారు రేకు, లోపల ఇటుక, సున్నం. మొత్తం బంగారం అనుకునేవాళ్ళూ ఉన్నారు.) అరికాళ్ళ వైపు వెళ్ళి చూడండి, ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉంటాయి. అక్కడితో ఆగి వెళ్ళిపోతే మాత్రం నష్టమే. మూడో రాముడి కాలంలో వైద్యం, కవిత్వం, నీతి లాంటి విద్యలన్నీ పాలరాతి పలకల మీద చెక్కించి ఈ గుడిలో పెట్టారు. చదవగలిగిన ఎవరైనా వచ్చి నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. ఆ శాసనాలకి 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి గుర్తింపు వచ్చింది. ఆవరణలో చిన్న రాళ్ళగుట్ట మీద ఋషుల బొమ్మలుంటాయి, ఒక్కో ఋషి ఒక్కో భంగిమలో ఒళ్ళు విరుచుకుంటూ, కాళ్ళు పిసుక్కుంటూ కనిపిస్తాడు. యోగా చేసేవాళ్ళు వాటి ముందు నుంచి కదలరు. ప్రధాన మందిరం చుట్టూ ఉన్న పాలరాతి శిల్పాల్లో మళ్ళీ రామకియనే.

అపోహ: “వాట్ అరుణ్‌ని సూర్యోదయానికే చూడాలి”

గేటు తెరిచేది ఎనిమిదికి. తెల్లవారుజామున వెళ్తే బయటే నిలబడాలి. గుడి తూర్పుముఖంగా నది ఒడ్డున ఉంది కాబట్టి ఉదయం తొమ్మిదీ పదింటప్పుడు ఎండ నేరుగా పడుతుంది, గోపురానికి అతికించిన చైనా పింగాణీ ముక్కలు అప్పుడు బాగా మెరుస్తాయి. దగ్గరికెళ్ళి చూస్తే పగిలిన పళ్ళాలు, గిన్నెల ముక్కలే పూలరేకులుగా మారి కనిపిస్తాయి. సాయంత్రమైతే అవతలి ఒడ్డున థా తియన్ రేవులో ఉండి, సూర్యుడు గోపురం వెనక్కి దిగడం చూడాలి. రెండు ఒడ్లకీ మధ్య ఫెర్రీ తిరుగుతూనే ఉంటుంది, టికెట్ నామమాత్రం.

అపోహ: “మ్యూజియమా? పిల్లలు విసుక్కుంటారు”

నేషనల్ మ్యూజియం 1874లో ఐదో రాముడు మొదలుపెట్టింది. ఇప్పుడున్నది సనామ్ లువాంగ్ మైదానం పక్కన, ఒకప్పటి ఉపరాజు భవనంలో. పిల్లలున్న కుటుంబాల్ని నేను మొదట తీసుకెళ్ళేది రథాల శాలకి. రాజుల అంత్యక్రియల రథాలవి. వాటిలో పెద్దది 1795 నాటిది, 2017లో భూమిబోల్ రాజు అంత్యక్రియల్లోనూ దాన్నే లాగారు. మూడంతస్తుల ఇంటి ఎత్తున, నిలువెల్లా నాగుల చెక్కడాలతో ఉంటుంది. దాన్ని చూశాక విసుగన్న పిల్లల్ని నేనింకా చూడలేదు.

పెద్దవాళ్ళకి చూపించేవి వేరే. తకువా పా దగ్గర దొరికిన నిలువెత్తు విష్ణుమూర్తి రాతి విగ్రహం ఉంది, వెయ్యేళ్ళ పైమాటే. పాత థాయ్ రాజ్యం సుఖోథాయ్ కాలపు కంచు శివుడు, విష్ణువు ఉన్నారు. పోంగ్ టుక్‌లో బయటపడ్డ రోమన్ కంచు దీపం ఉంది, రోమ్ వస్తువు థాయ్ నేలదాకా ఎలా వచ్చిందో ఆలోచించండి. ఆ నేల మీద తొలినాటి బౌద్ధ రాజ్యమైన ద్వారవతి గదిలో ధర్మచక్రాలూ, తొలినాటి బుద్ధులూ ఉన్న చోట నేను గ్రూపుని ఆపుతాను. ఆ కాలపు శిల్పం మీద అమరావతి ప్రభావాన్ని పండితులు గుర్తించారు. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, తమ కృష్ణాతీరంలో పుట్టిన శైలి సముద్రం దాటి ఏ రూపం తీసుకుందో అక్కడ చూసుకోవచ్చు. బుద్ధైశ్వర్య మందిరాన్ని వదలొద్దు, లోపలి గోడల మీద బుద్ధుడి జీవితం చిత్రించి ఉంటుంది, అక్కడ రద్దీ ఉండదు.

సోమ, మంగళవారాలు సెలవు. బుధ, గురువారాల్లో ఉదయం వాలంటీర్లు ఇంగ్లిష్‌లో తిప్పి చూపిస్తారు, దానికి విడిగా డబ్బులు తీసుకోరు. మీ బ్యాంకాక్ రోజులు సోమ, మంగళ అయితే ప్లాన్ మార్చుకోండి.

అపోహ: “ఎరావన్ గుడి పురాతన హిందూ ఆలయం”

షాపింగ్ మాల్స్ మధ్యలో ఉన్న ఈ బ్రహ్మ మందిరాన్ని 1956లో కట్టారు. పక్కన హోటల్ కడుతుంటే వరసగా ఆటంకాలు వచ్చాయని, జ్యోతిష్యం ప్రకారం ప్రతిష్ఠించారు. కొత్తదైనంత మాత్రాన తక్కువది కాదు. మొక్కు తీరినవాళ్ళు డబ్బు కట్టి నృత్యం చేయించుకోవడం అక్కడ రోజూ చూడొచ్చు.

పాతదే కావాలంటే పెద్ద ఊయల స్తంభాలున్న సావో చింగ్ చా దగ్గరికి వెళ్ళండి. దాని పక్కనే దేవసథాన్ ఉంది, 1784లో ఒకటో రాముడు కట్టించిన బ్రాహ్మణాలయం. శివుడికి, గణపతికి, విష్ణువుకి విడివిడిగా మందిరాలున్నాయి. థాయ్ రాచకార్యాలు నడిపే బ్రాహ్మణులు ఈ ఆలయం వాళ్ళే. ఊయల ఊగే ఉత్సవం 1935లో ఆగిపోయింది గానీ దానికి సంబంధించిన పూజలు ఇప్పటికీ మన ధనుర్మాసం, సంక్రాంతి రోజుల చుట్టుపక్కలే జరుగుతాయి. ఆ పూజా మంత్రాల్లో తిరువెంబావై, తిరుప్పావై పాశురాల జాడలున్నాయని పరిశోధకులు చెబుతారు. ధనుర్మాసం అంతా పాశురాలు చదివే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఆ చిన్న ఆవరణ ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

అపోహ: “కాంక్రీటు ఊరు, పార్కులేం ఉంటాయి? ఉన్నా ఉడుములు కరుస్తాయి”

లుంఫినీ పార్కు దాదాపు 140 ఎకరాలు. ఆరో రాముడు ఇచ్చిన రాచభూమిలో 1920లలో వేశారు. ప్రవేశం ఉచితం. చెరువు గట్టున మనిషంత పొడవుండే నీటి ఉడుములు తిరుగుతాయి, అవి మొసళ్ళు కావు. వాటి జోలికి పోకపోతే మీ జోలికి రావు. చట్టం రక్షణ ఉన్న జంతువులవి. తిండి వెయ్యకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, అంతే. అక్కణ్ణుంచి ఎత్తైన నడకదారి మీదుగా బెంజకిట్టి పార్కుకి నడిచిపోవచ్చు. పొగాకు ఫ్యాక్టరీ ఉన్న స్థలాన్ని చిత్తడినేలల అడవిగా మార్చి 2022లో తెరిచారు. వాననీటిని ఆపి, మొక్కలతో శుభ్రం చేసే ఏర్పాటు ఉంది. మన నగరాల్లో చెరువుల పని చూసే ఇంజినీర్లు ఒక పూట ఇక్కడ గడపాలని నా కోరిక. తెల్లవారగానే గానీ, సాయంత్రం ఐదు దాటాక గానీ వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం వెళ్ళి “బాగాలేదు” అనొద్దు.

అపోహ: “పాత లిస్టు ఉందిగా, దాని ప్రకారం తిరిగేద్దాం”

టేకు భవనం విమాన్‌మేక్ 2016 నుంచి మూసి ఉంది. దుసిత్ జూ 2018లో మూతపడింది. ఇప్పటికీ ఈ రెండూ ప్యాకేజీ కాగితాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. డబ్బు కట్టేముందు లిస్టులో ఉన్న ప్రతి పేరునీ ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: “పాతబస్తీకి టాక్సీ లేకుండా వెళ్ళలేం”

2019 నుంచి మెట్రో సనామ్ చాయ్ దాకా వస్తోంది, స్టేషన్ నుంచి వాట్ ఫో నడక దూరం. నాకైతే పడవే ఇష్టం. సఫాన్ తాక్సిన్ స్టేషన్ కింద సాథోన్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కితే థా చాంగ్‌లో దిగొచ్చు, ట్రాఫిక్ గొడవ లేదు. మొదటి ఉదయం 8:30కల్లా రాజభవనం, ఎండ ముదిరేలోగా వాట్ ఫో, ఫెర్రీ దాటి వాట్ అరుణ్. రెండో ఉదయం నేషనల్ మ్యూజియం, మధ్యాహ్నం భోజనం చేశాక దేవసథాన్, సాయంత్రం లుంఫినీ. పెద్దవాళ్ళు ఉంటే వాట్ అరుణ్‌ని రెండో రోజుకి జరపండి, ఆ మెట్లు నిటారుగా ఉంటాయి.