అడ్డపొగ ఊళ్లు, బంగారు కణాలు: కాంతి చికిత్స వచ్చిన దారి

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారికి అడ్డపొగ తెలియనిది కాదు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. తాగేవారిలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లు. 1936లో గంజాం ఒడిశాలో కలిసినా ఈ అలవాటు శ్రీకాకుళంతో ఉమ్మడిగానే ఉండిపోయింది. వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మరోచోట అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపించడానికి కారణం అదే. శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లో అంగిలి మచ్చల వివరాలు ప్రచురించింది.

కాంతితో కణితిని కాల్చే చికిత్స గురించి ఇక్కడివారు ఆశగా అడగడం అందుకే న్యాయం.

వేడికి కణితి చస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పక్కనున్న మంచి కండను కాపాడడమే కష్టం. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలస్ బృందం కంటికి కనబడనంత చిన్న సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) గుండు మీద పలుచని బంగారు తొడుగు వేసింది. తొడుగు మందాన్ని మారిస్తే ఆ కణం ఏ కాంతిని పీల్చుకోవాలో మనమే నిర్ణయించవచ్చు. కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని రక్తం, నీరు తక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి అది కొంత లోతుకు వెళ్తుంది. దారిలో బంగారు కణాలుంటే అక్కడ వేడి పుడుతుంది. హాలస్, జెనిఫర్ వెస్ట్ బృందం 2003లో దీన్ని ఎలుకల కణితుల్లో చూపింది.

రక్తంలోకి ఎక్కించిన కణాలు కణితికి చేరడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. కణితి రక్తనాళాలకు సందులుంటాయని, వాటిగుండా పెద్ద అణువులు లోపలికి చేరి నిలిచిపోతాయని జపాన్ పరిశోధకులు 1986లో చెప్పారు. పరిశోధకుల నమ్మకమంతా దానిమీదే. అయితే అప్పటిదాకా వెలువడిన ప్రయోగాలను 2016లో కలిపి చూస్తే, ఇచ్చిన నానో కణాల్లో (ఇలాంటి అతి చిన్న కణాల్లో) కణితికి చేరింది మధ్యస్థ విలువ ప్రకారం నూటికి ఒక వంతు కూడా కాదు. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. చికిత్స తర్వాత ఆ బంగారం ఏమవుతుందన్నదే నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న. ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2015లో ప్రచురించిన పనిలో దీనికి ఒక జవాబు ఉంది: కొవ్వు బుడగ మీద బంగారం పూస్తే, పని ముగిశాక అది శరీరం బయటికి పంపగలిగేంత చిన్న ముక్కలుగా విడిపోతుంది.

హాలస్ బృందం చేసిన బంగారు తొడుగు కణాలతో మనుషులపై పరీక్షలు తల, మెడ కణితులతో మొదలయ్యాయి. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ప్రొస్టేట్ (మగవారి మూత్రాశయం కింది గ్రంథి) క్యాన్సరున్న 16 మందిలో 15 మందికి చికిత్స అనుకున్నట్టు పూర్తయింది. లోపలి అవయవం కావడంతో లేజర్ తీగను సూదిగుండా పంపాల్సి వచ్చింది. అంగిలికి ఆ ఇబ్బంది లేదు, నోరు తెరిస్తే కాంతి తగులుతుంది. అయినా వ్యాధి ఎముకలోకి, మెడ గ్రంథుల్లోకి పాకితే ఈ పద్ధతి ఒక్కటీ చాలదు. అంగిలి క్యాన్సర్‌కు నేటికీ ప్రధాన చికిత్సలు శస్త్రచికిత్స, రేడియేషన్‌లే.